లియోన్స్ ఇంట్లో పునీత విన్సెంట్

ఆ జనవరి ఉదయం లియోన్స్ బోర్దె ఆ ఒక్క మాట ఎందుకు అనలేకపోయాడు? ఇన్నేళ్ళయినా ఊళ్ళో ఎవరికీ అంతుపట్టలేదు. ఇది రాస్తున్నవాళ్ళకీ తెలియదు.

ఫ్రాన్సు దేశపు బుర్గుండీలో, కాలువ గట్టునున్న వెర్నోయి అనే ఊళ్ళో, ద్రాక్షతోటల వాళ్ళందరికీ పునీత విన్సెంటే దిక్కు. ఆయన చర్చిలో ఉండడు. మూడడుగుల కొయ్య విగ్రహంగా ఏడాదికొక ఇంట్లో మకాం చేస్తాడు. జనవరి ఇరవై రెండున ఒక ఇంటాయన మరో ఇంటాయనకు అప్పగిస్తూ, "పుచ్చుకున్నదాన్ని పుచ్చుకున్నట్టే ఇస్తున్నాను" అని అందరి ముందూ అనాలి. తంతు అంతే. పంతొమ్మిదేళ్ళు ఎదురుచూశాక లియోన్స్ వంతు వచ్చింది. అతనికి అరవై మూడేళ్ళు. మాట తప్పినవాడని ఎవరూ అనేవారు కాదు, అసలు మాట్లాడడమే తక్కువ గనక.

ఆ అక్టోబరులో కొత్త ద్రాక్షరసం పులిసి పొంగలేదు. తొట్టిలో మూడు రోజులు చడీచప్పుడూ లేదు. అలాంటప్పుడు విన్సెంట్‌ను నేలమాళిగలోకి దించి పీపాల ఎదుట కూచోబెట్టడం పెద్దలనాటి అలవాటు. లియోన్స్ దించబోయాడు. తడి మెట్టు మీద కాలు జారింది. ద్రాక్షగుత్తి పట్టుకున్న విన్సెంట్ కుడిచెయ్యి మణికట్టు దగ్గర పుటుక్కున విరిగింది. మర్నాటికల్లా రసం మాత్రం బుసబుసా పొంగింది.

"చూశావా, చెయ్యి పోగొట్టుకుని మరీ నీ పని చేసిపెట్టాడు" అంది భార్య ఒడెట్.

"నవ్వకు. జనవరిలో ఏ మొహం పెట్టుకుని ఆ మాట అంటాను?"

"ఉన్న మొహంతోనే అను. కొత్తది ఎక్కణ్ణించి తెస్తావు?"

లియోన్స్ ద్రాక్షకర్రతో చిన్న చీల చెక్కి, జిగురు పెట్టి, చెయ్యి అతికించాడు.

ఆ వారమే కాలువలో విలాసాల పడవ ఒకటి వచ్చి ఆగింది. ఎనిమిది మంది అతిథులు, ఇద్దరు వంటవాళ్ళు, పైన తెల్లగుడ్డలు పరిచిన బల్లలు. పొద్దస్తమానం నడిచినా రెండు ఊళ్ళు దాటదు. గట్టు వెంట బాతులే దాన్ని దాటిపోతాయి. అతిథులు లియోన్స్ ఇంట్లో వైన్ రుచి చూశారు, విన్సెంట్‌కు ఫోటోలు తీశారు, వెళ్ళిపోయారు. హెడ్విగ్ అనే డచ్చి పెద్దావిడ మాత్రం కదల్లేదు. నలభై ఏళ్ళు పాత కొయ్య విగ్రహాలు బాగుచేసిన మనిషట. చూసింది, చూసింది, ఏమీ అనకుండా వెళ్ళింది.

మర్నాడు పడవ ఒక ఊరు ముందుకు పోయింది. ఆవిడ సైకిలు మీద వెనక్కి వచ్చింది. మూడో నాడు ఇంకా దూరం నుంచి వచ్చింది.

"కనిపెట్టేసింది" అన్నాడు లియోన్స్. "అయితే బయటపడదేం?"

"నీ కోసం వస్తోందేమో. నీ అందం తెలియడానికి ఇన్నాళ్ళు పట్టింది పాపం."

నాలుగో నాడు లియోన్స్ ఉండబట్టలేక అనేశాడు. "అమ్మా, ఆ కుడిచెయ్యి విరిచింది నేనే."

హెడ్విగ్ కళ్ళద్దాలు తీసింది. "అలాగా? కానీ మీరు విరిచింది అసలు చెయ్యి కాదే. కర్రే వేరు. ముక్కు ఇంకెవరి పనో. ఎడమ పాదం రెండుసార్లు మారింది. మొదటి శిల్పి చేతిపని ఎక్కడైనా మిగిలిందా అని నాలుగు రోజులుగా వెతుకుతున్నాను."

"మిగిలిందా?"

"ఎడమ చెవి. బహుశా."

గ్లాసు ఖాళీ చేసి, సైకిలెక్కి వెళ్ళిపోయింది.

ఆ శీతాకాలమంతా లియోన్స్ ఊళ్ళో మొహాలు చూస్తూ తిరిగాడు. ముక్కు విరిచింది ఎవరు? పాదం మార్చింది ఎవరు? అందరూ "పుచ్చుకున్నట్టే" అన్నవాళ్ళే. అబద్ధమాడారా? అతికించినదాన్ని పుచ్చుకుని అతికించినదాన్నే ఇచ్చారు కదా, మరి అబద్ధం ఎక్కడుంది?

"నువ్వూ అలాగే అను. నిజమేగా" అంది ఒడెట్.

"నిజమే. అదే నాకు అర్థం కావడం లేదు. అబద్ధమైతే ఈపాటికి మనసు గట్టి చేసుకునేవాణ్ణి."

జనవరి ఇరవై రెండున చర్చి ముందు మంచు గడ్డకట్టింది. కొత్త ఇంటాయన అనిసె చేతులు చాపి నిలబడ్డాడు.

"ఊఁ, కానీవయ్యా లియోన్స్! విన్సెంట్ కన్నా నేను ముందు కొయ్యబారిపోయేట్టున్నాను."

అందరూ నవ్వారు. ఒకప్పుడు విన్సెంట్‌ను ఇంట్లో ఉంచుకున్న ముసలి ఫిర్మె ఒక్కడే ఎందుకో బూట్ల వంక చూసుకుంటున్నాడు. లియోన్స్ నోరు తెరిచాడు. ఫిర్మెను చూశాడు. నోరు మూశాడు.

విన్సెంట్‌ను అనిసె చేతుల్లో పెట్టి, బరువు సరిగ్గా ఆనిందో లేదో చూసి వదిలాడు. టోపీ పెట్టుకున్నాడు. వైన్ పోసి ఉంచిన బల్లను దాటి, జనంలోంచి దారి చేసుకుని, తోటల వైపు నడిచాడు.