బాజా లేకుండా ఇంటికి

మొన్న ఆదివారం గుడి హాల్లో తెలుగువాళ్ళ మీటింగులో మా తోడల్లుడు మైకు పట్టుకుని, డబ్బుకీ సుఖానికీ సంబంధం లేదన్నాడు. పనిని ప్రేమించినవాడే సుఖపడతాడన్నాడు. ముందు వరసల పెద్దలంతా చప్పట్లు కొట్టారు. అందరూ ఉక్కు ప్లాంటులో పర్మినెంటు ఉద్యోగాలు చేసి రిటైరైనవాళ్ళే. వెనక వరసలో కూర్చున్న నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంట ఇంకా చల్లారలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

నా రాత చూసి నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి. యాభై దాటాక నేర్చుకున్న అక్షరాలివి. మేముండే క్యాంప్ 2 బస్తీలో మా వీధి చర్చిలో ఒక టీచరమ్మ సాయంత్రాలు పెద్దవాళ్ళకి తెలుగు చెప్పేది. వాళ్ళ మతం వాళ్ళకేననుకుని నేను గుమ్మం దగ్గరే ఆగిపోతే, "నిలబడితే అక్షరాలు రావు, కూర్చోండి" అంది. కూర్చున్నాను.

పనిని నేను ప్రేమించలేదా? ప్లాంటులో కోక్ ఒవెన్ల దగ్గర ఠేకేదారు కింద, అంటే కాంట్రాక్టరు కింద, ముప్పై ఏళ్ళు చేశాను. బొగ్గుని గాలి తగలకుండా కాల్చి కోక్ తీసే పొయ్యిలవి, వరసగా ఉంటాయి. వాటి తలుపుల సందుల్లోంచి పొగ కారకుండా తడిమట్టి పామడం నా పని. పొయ్యిల మీద నడవాలంటే మామూలు బూట్లు ఆగవు, అడుగు కరిగిపోతుంది. బూట్ల కింద చెక్క చెప్పులు కట్టుకోవాలి. నావి నేనే చెక్కుకున్నాను, నా పాదం కొలతకి. ఏ తలుపు కారుతోందో పొగ రంగు చూసి దూరం నుంచే చెప్పేసేవాణ్ణి. పర్మినెంటు వాళ్ళు కూడా నన్నే పిలిచి చూపించుకునేవారు. ఎక్కడా పొగ కారని రోజున నాకు నిజంగా సుఖంగానే ఉండేది. అబద్ధమెందుకు?

మా తోడల్లుడిదీ అక్కడే పని. నా భార్యకి అక్క మొగుడు. విజయనగరం నుంచి ఈ హిందీ ఊరికి ఇద్దరం ఒక్క రైల్లోనే వచ్చి దిగాం. అతను ఎనిమిదో తరగతి చదివాడు, పర్మినెంటు లిస్టులో పేరు పడింది. నాది పడలేదు. పీల్చింది అదే పొగ, పామింది అదే మట్టి. అతనికి సెక్టార్లో కంపెనీ క్వార్టరు, ఆసుపత్రి, నెలనెలా పింఛను. నాకు ఆర్నెల్లకోసారి మార్చి ఇచ్చే గేట్ పాసు.

పర్మినెంటు మనిషి రిటైరైన రోజున తోటివాళ్ళు అతన్ని ఒంటరిగా ఇంటికి పంపరు. మెడ కనపడకుండా దండలేసి, మొహానికి గులాల్ పూసి, టాపు లేని జీపెక్కించి, ముందు డప్పులు కొట్టుకుంటూ గుమ్మం దాకా తెచ్చి అప్పగిస్తారు. ఇంట్లోవాళ్ళు హారతిచ్చి లోపలికి తీసుకెళ్తారు. దాన్ని మేం బాజా అంటాం. మా తోడల్లుడి బాజాలో జీపు ముందు ఎగిరినవాళ్ళలో నేనూ ఉన్నాను. నా భార్య వాళ్ళక్క పక్కన నిలబడి హారతి పళ్ళెం పట్టుకుంది. ఆ రోజు ఇంటికొచ్చాక నన్ను అడిగింది.

"నీ బాజా ఎప్పుడు మావా?"

పాసు మీద పుట్టిన తేదీ చూసి, అరవై నిండే రోజు చెప్పాను. ఠేకా మనిషికి బాజా ఉండదని మాత్రం చెప్పలేదు. ఆ తప్పు నాదే.

ఆ రోజు వచ్చింది. ఇప్పటికి ఆరేళ్ళయింది. ఉదయం షిఫ్టుకి వెళ్ళి గేటు దగ్గర పాసు పెడితే యంత్రంలో ఎర్రలైటు వెలిగింది. గార్డు చూసి, "బాబా, పాస్ ఖతం. ఘర్ జావో" అన్నాడు. పాసు నిన్నటితోనే అయిపోయిందట, ఇంటికి పొమ్మంటాడు. ఠేకేదారు మనిషికి ఫోను చేశాను. అరవై నిండాక ఒక్క పూట కూడా కుదరదన్నాడు.

"నా చెప్పులు లోపలున్నాయి" అన్నాను.

"కొత్తగా వచ్చినోడు వేసుకుంటాడులే" అని ఫోను పెట్టేశాడు.

సైకిలు తిప్పాను. ఇల్లు చేరేసరికి ఎనిమిదైనా కాలేదు. మా ఇంటి ముందు ముగ్గు, ఎవరింట్లోంచో తెచ్చిన ప్లాస్టిక్ కుర్చీలు, గుమ్మానికి బంతిపూలు. చుట్టుపక్కల ఆడవాళ్ళు నలుగురు అప్పటికే చేరారు. లోపల పరవాన్నం ఉడుకుతోంది. నా భార్య గరిటె చేత్తోనే బయటికొచ్చింది.

"ఏటి, అప్పుడే వచ్చీసినావు? జీపు ఎనకాల వస్తందేటి?"

సందు చివరిదాకా చూసింది. ఎదురింటాయన స్కూటరు తుడుచుకుంటూ, "వదినా, ఆ సైకిలు బెల్లే బాజా అనుకో. హారతి తే!" అన్నాడు. అందరూ నవ్వారు. చెడ్డ మనసుతో కాదు, నవ్వొచ్చి నవ్వారు.

నేను నా భార్య మీద అరిచాను. "ఎవులు సెప్పారే నీకు బాజా వస్తాదని? ఊరందర్నీ పిలవడానికి సిగ్గునేదేటి?"

ఆమె మొహం ఎలా మారిందో నాకిప్పటికీ కనపడుతుంది. లోపలికెళ్ళి, వచ్చినవాళ్ళందరికీ గిన్నెల్లో పరవాన్నం పెట్టి పంపింది. నేను ముట్టలేదు. ఆ తర్వాత ఈ ఆరేళ్ళలో బాజా అన్న మాట మా ఇంట్లో వినపడలేదు.

ఇప్పుడు ఆదివారం సంగతి. చప్పట్లు ఆగాక మా తోడల్లుడు నావైపు చెయ్యి చాపాడు. "మా తమ్ముణ్ణి చూడండి. పింఛను లేదు, క్వార్టరు లేదు. అయినా ఏ చింతా లేదు. సుఖమంటే అదీ! తమ్ముడూ, రా, సుఖంగా ఉన్నానని నీ నోటితో రెండు ముక్కలు చెప్పు."

మైకు నా చేతికొచ్చింది. ఆడవాళ్ళ వైపు నా భార్య తలొంచుకుని చీర కొంగు మడతలు పెడుతోంది. సుఖంగా ఉన్నానని నేనంటే, ఆ రోజు నీకేమీ జరగలేదని ఆమె మొహం మీదే చెప్పినట్టు.

చెప్పేశాను. ఎర్రలైటు, చెప్పులు, ముగ్గు, కుర్చీలు, అన్నీ చెప్పేశాను. "అన్నయ్యా, పనిని నువ్వెంత ప్రేమించావో నేనూ అంతే ప్రేమించాను. నీకు జీపొచ్చింది, నాకు ఎర్రలైటొచ్చింది. ఒక్క ఏడాది నీ పింఛను ఆపించుకుని, అప్పుడు ఇదే మైకులో ఇదే మాట చెప్పు. ముందు వరసలో కూర్చుని నేనే చప్పట్లు కొడతాను. ఇంకో మాట. ఆ రోజు నా భార్య ఏ తప్పూ చెయ్యలేదు. గేటు దగ్గర అరవాల్సినవాణ్ణి, అక్కడ నోరు మూసుకుని, ఇంటికొచ్చి దానిమీద అరిచాను."

మా తోడల్లుడు మైకు లాక్కుని, "పెద్దవాడైపోయాడు, బీపీ ఉంది" అని నవ్వి, టీలు తెమ్మన్నాడు. బయట నన్ను పట్టుకున్నాడు.

"పదిమందిలో మన పరువు తీసీసినావు కదరా!"

"పరువు కూడా పర్మినెంటు వాళ్ళకేనేటి అన్నయ్యా?"

ఇద్దరం ఆటో ఎక్కాం. క్యాంపు మలుపు తిరిగాక నా భార్య అంది. "ఆ రోజు పరవాన్నం మాడిపోనాది మావా. నువ్వు అరిసీసరికి పొయ్యి ఆపడం మర్సిపోనాను. మాడిందే అందరికీ పెట్టీసినాను. ఒక్కలూ ఏటీ అన్లేదు, తినీసి ఎల్లిపోనారు."

తనే మళ్ళీ అంది.

"ఆ సెప్పులు నీ సేత్తో సెక్కుకున్నవి కదా. ఇమ్మని కాయితం రాయి. ఇప్పుడు అచ్చరాలొచ్చు కదేటి."

అవి ఈపాటికి ఏ పొయ్యిలోనో పడి బూడిదైపోయుంటాయి. ఆమెకీ తెలుసు. అయినా రాశాను. నా చెక్క చెప్పులు నాకు తిరిగి ఇవ్వాలి, అని ఠేకేదారు ఆఫీసుకి. రేపు నేనే తీసుకెళ్ళి బల్ల మీద పెడతాను. హిందీలో రాసుకురమ్మంటారు. నాకొచ్చింది తెలుగే. ముప్పై ఏళ్ళు వాళ్ళ తిట్లు వాళ్ళ భాషలోనే అర్థం చేసుకున్నాను. నా కాగితం ఒక్కటి వాళ్ళు ఎవరిచేతనైనా చదివించుకోనీ.