శరణ్య స్కర్టు మడత

మా ఇంకొల్లు దర్జీ గౌస్ బాషాకు అబద్ధమాడటం చేతకాదు. బట్టలు ఎప్పుడిస్తావంటే మాత్రం "రేపే" అంటాడు. దర్జీలందరూ అనే మాటే కాబట్టి అది అబద్ధం కిందికి రాదు.

పిల్లల స్కూలు స్కర్టుకు కింద నాలుగు వేళ్ల మడత లోపలికి వేసి కుడతాడు. ఏడాదికి పిల్ల పొడుగవుతుంది, మడత విప్పితే సరిపోతుంది. విప్పినచోట మాత్రం రంగు వెలవని గుడ్డ ముదురు నీలం పట్టీలా కనపడుతుంది. ఆడపిల్లలు సిగ్గుపడి దాని మీద లేసు కుట్టించుకుంటారు.

శరణ్య స్కర్టుకు ఆ అవసరమే రాలేదు. ఆరేళ్లప్పుడు పిల్ల కాలేయం చెడిపోతే, తల్లి కోటేశ్వరి తన కాలేయంలో ముక్క ఇచ్చి బతికించుకుంది. తర్వాత పిల్ల బుగ్గలు బూరెల్లా పొంగాయి. ఒళ్లు చేసిందని ఊరంతా మురిసిపోయాం. అది స్టెరాయిడ్ మందుల ఉబ్బని మాకేం తెలుసు! మూడేళ్లయినా ఎత్తు పెరగలేదు. గుంటూరులో హార్మోన్ల డాక్టరుకు చూపించమని ఆపరేషన్ చేసినవాళ్లు చెప్పారు.

2006 వేసవిలో గుండీ కుట్టించుకోవడానికి వచ్చిన శరణ్య, "నేను పెరిగానా తాతా?" అని అడిగింది. లేదనడానికి మా మహానుభావుడికి నోరు రాలేదు. గుండీతో పాటు మడత కూడా రెండు వేళ్లు పెంచి కుట్టేశాడు.

మర్నాడే కోటేశ్వరి పిల్లను వెంటబెట్టుకుని లడ్డూలతో ఊడిపడింది. "బాబాయ్, స్కర్టు పొట్టయిపోయింది! మడత విప్పు. పిల్ల పెరుగుతుంటే ఇంకా డాక్టరెందుకని గుంటూరు పోవడం మానుకున్నాం."

బాషా చేతిలో లడ్డూ మిషను మీద పెట్టేశాడు. "అమ్మాయ్, పెరిగింది పిల్ల కాదు, మడత. నేనే కుట్టాను."

"నీ చేతులు పడిపోను!" అని కోటేశ్వరి ఏడ్చింది. శరణ్య మొహం చూడలేక బాషా తల దించుకున్నాడు. "రేపే గుంటూరు పోదాం" అన్నాడు. జన్మకో శివరాత్రిలా ఆ రేపు నిజంగానే వచ్చింది. పెంచిన రెండు వేళ్లూ విప్పేసి, కొట్టు మూసి వాళ్లతో బస్సెక్కాడు.

హార్మోన్ల డాక్టరు ఆపరేషన్ డాక్టర్లతో మాట్లాడి స్టెరాయిడ్ కొద్దికొద్దిగా తగ్గించి, ఎదుగుదల ఇంజెక్షన్లు మొదలుపెట్టాడు. బుగ్గలు తగ్గిపోతుంటే పిల్ల చిక్కిపోతోందని ఊళ్లో మళ్లీ మేమే గొడవ చేశాం.

మరుసటి జూన్‌లో స్కర్టు నిజంగానే పొట్టయింది. బాషా నమ్మక టేపుతో మళ్లీ మళ్లీ కొలిచాడు. కళ్లు తుడుచుకుని మడత విప్పాడు. ముదురు నీలం పట్టీ బయటపడింది.

"మంచి లేసుంది, కుట్టి దాచెయ్యనా అమ్మా?"

"వద్దు తాతా, అందరికీ కనపడాలి" అంది శరణ్య.