కంపెనీ వాళ్ళ సీటు

చికాగోకు నాలుగైదు గంటల దూరంలో ఉన్న ట్రాయ్‌లో మా అమ్మాయి దగ్గర ఉన్న రోజులవి. అది యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తుండేది. కార్ల సీట్లు తయారుచేసే ఒక కంపెనీ తాను చేసుకోవలసిన పరిశోధనను డబ్బిచ్చి మా అమ్మాయి ప్రొఫెసరుకు అప్పజెప్పింది. పొట్టిగా ఉన్న పెద్దవయసు ఆడవాళ్ళు దూరప్రయాణంలో ఎలా కూర్చుంటారో, నడుం ఎందుకు నొప్పి పుడుతుందో కనిపెట్టాలి. అమ్మాయి డాక్టరేటంతా ఆ పని మీదే ఆధారపడింది.

కూర్చోవడానికి మనుషులు దొరక్కపోతే, గుడిలో కలిసే ఆడవాళ్ళను నేనే పిలిచాను. ల్యాబ్‌లో నేలకు బిగించిన కారు సీటు, ఎదురుగా కెమెరా. మొదట వచ్చినావిడ చెప్పులు విడిచి, కుచ్చిళ్ళు సర్దుకుని, సీటు మీదే బాసింపట్టు వేసుకుంది.

"ఆంటీ, కాళ్ళు కిందికి పెట్టండి."

"అందితే కదమ్మా పెట్టడానికి! చికాగో దాకా ఇలాగే వెళ్ళొచ్చాను."

"పోలీసు చూస్తే జరిమానా టికెట్ ఇస్తాడు వదినా," అన్నాను.

"కాళ్ళు ముడుచుకున్నందుకా? ఇవ్వమను, ఫ్రేము కట్టించుకుంటా!"

మిగతావాళ్ళూ అంతే, కాసేపటికి కాళ్ళు పైకి. అమ్మాయి వాళ్ళను కసురుకోలేదు, ఆ సంగతే పట్టుకుంది. పాదాలు నేలకు ఆనక నడుం లాగుతోందని, అందుకే కాళ్ళు పైకి తీసుకుంటున్నారని కొలతలతో సహా తేల్చింది. ప్రొఫెసరు మెచ్చుకున్నాడు. ఇక అదంతా థీసిస్‌గా రాసిచ్చేస్తే డాక్టరైపోతుందని నేను గుళ్ళో అందరికీ చెప్పేశాను.

అంతలో కార్ల వ్యాపారం కుదేలై, ఆ కంపెనీని ఎవరో కొన్నారు. కొత్తవాళ్ళు పని ఆపేయమన్నారు. తేలిన సంగతులు ఎక్కడా అచ్చు వేయకూడదన్నారు, థీసిస్‌లో కూడా. ప్రొఫెసరు ఎన్ని మెయిల్స్ పెట్టినా లాభం లేకపోయింది. అంతకుముందు అచ్చు వేసుకోవడానికి సరేనన్న కంపెనీ పెద్దమనిషి ఉద్యోగమే ఊడింది.

"నువ్వు చేసిన పని నీది కాదా?" అని అడిగాను.

"డబ్బిచ్చిన వాళ్ళదమ్మా. అగ్రిమెంట్‌లో ఉంది."

"మా వైపు కౌలుకు చేస్తే, గింజలన్నీ ఆసామికి కొలిచినా గడ్డైనా మిగిలేదే!"

"ఇక్కడ గడ్డి కూడా వాళ్ళదే."

నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు.

ప్రొఫెసరు కొత్త టాపిక్ ఇచ్చాడు, లారీ డ్రైవర్ల భుజాల నొప్పి మీద. అదీ ఇంకో కంపెనీ పనే. మళ్ళీ మొదటి నుంచి. ఆ కంపెనీ అగ్రిమెంట్ కాగితాలు అమ్మాయి భోజనాల బల్ల మీద పరుచుకుని చదువుతుంటే పక్కన కూర్చున్నాను. నేను యాభై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని. అంతవరకూ ఎక్కడ చూపిస్తే అక్కడ వేలిముద్ర వేసేదాన్ని. చదవడం వచ్చినవాళ్ళ చేత ఎవరూ అలా వేయించలేరనుకునేదాన్ని.

"ఈసారైనా పూర్తిగా చదివావా?"

"పోయినసారీ చదివానమ్మా. ఇందులోనూ అదే మాట ఉంది."

"మరి?"

"సంతకం పెట్టకపోతే ఫండింగ్ ఉండదు. ఫండింగ్ లేకపోతే చదువే లేదు."

పెన్ను తీసుకుంది. కాగితం కదలకుండా ఒక కొస పట్టుకున్నాను.