తువ్వాలు చేసిన స్వామి

భద్రాచలంలో కొన్న నా కాషాయ తువ్వాలు ఇన్నేళ్లయినా రంగు దిగుతూనే ఉంది. దానితో కలిపి ఉతికిన తెల్ల బనియన్లన్నీ సన్యాసం పుచ్చుకున్నాయి.

తెలంగాణ వచ్చిన మరుసటి వేసవిలో ఎక్సైజ్ సబ్ ఇన్‌స్పెక్టర్‌గా నన్ను దమ్మపేట వైపు, అడవి అంచుకు వేశారు. బోనకల్‌లో టీచరైన మా ఆవిడ "తాగుడు మానినంకనే వస్త" అని అక్కడే ఉండిపోయింది. మానేసి కొన్ని వారాలైంది. కిరాయి గదిలో ఆ వారాలు ఎలా గడిచాయో వివరించను. గోడ మీది బల్లి మంచి శ్రోత అని మాత్రం చెప్పగలను.

ఒక మధ్యాహ్నం మఫ్టీలో ఇప్పసారా దాడికి వెళ్లాం. దొరికిన సరుకులో కొంత సీసాలో పోసి లక్క సీలు వేయాలి. మిగతాది పంచుల ముందు, అంటే సాక్షుల ముందు, పారబోయాలి. పంచులను పిలవడానికి కానిస్టేబుళ్లు వెళ్లారు. బూట్లు కరిస్తే విప్పేసి, మెడకు తువ్వాలు చుట్టుకుని, ముద్దాయి ముత్తమ్మ ఇంటి చూరు కింద సారా క్యాను పక్కన కూర్చున్నాను. వాసన చూడటం మా విధి. ఆ రోజు విధిని కాస్త ఎక్కువగానే నిర్వర్తించాను. చివరికి ముత్తమ్మను గ్లాసు అడిగాను. ఎందుకో చెప్పలేదు.

ఆమె నా తువ్వాలు చూసింది, ఉత్త కాళ్లు చూసింది. హనుమాన్ దీక్షలో ఉన్నాననుకుంది. మాల వేసుకున్నవాళ్లు చెప్పులు తొడగరు, మందు ముట్టరు. అందరూ వాళ్లను స్వామీ అనే పిలుస్తారు.

"ఏంది స్వామీ, మాలేసుకొని గా క్యాను పక్కన కూసున్నరు? జల్దీ లేవుండ్రి" అని గద్దించి, క్యానును కాలితో అవతలికి నెట్టి, గ్లాసు నిండా మజ్జిగ తెచ్చింది.

మాల లేదని చెప్పలేదు. మజ్జిగ తాగాను. ఆ తర్వాత కూడా సారా ముట్టలేదు.

పంచులు వచ్చారు. ముత్తమ్మ నన్ను స్వామీ అంటూనే పంచనామా మీద వేలిముద్ర వేసింది.

దేవుడి దయ యోగ్యత విచారించుకుని రాదు. ఒక్కోసారి తప్పు అడ్రసుకు వస్తుంది, వచ్చినప్పుడు తీసుకోవడమే. ఆ పోస్టింగు నేర్పింది ఇదే. సెలవులకు వచ్చిన మా ఆవిడకు ఈ మాటే కాస్త గొప్పగా చెప్పాను. ఆమె అంతా విని, ముత్తమ్మ ఏమైందని అడిగింది. కేసు కోర్టులో ఉందన్నాను.

"అవ్ మరి. మజ్జిగిచ్చిన దేవుని మీదనే కేసు పెట్టిండ్రు."