శుభ్రమైన ఇసుక సీసా

మా పిన్ని ఉద్యోగం సముద్రం అడుగు బురదకి జాతకం చెప్పడం. తీరం పొడుగునా తెచ్చిన బురదని ప్రయోగశాలలో సీసాల్లో పోసి, ఒక్కోదాంట్లో బియ్యపు గింజంత రొయ్యల్ని పదేసి వదులుతుంది. పదో రోజున లెక్కపెడుతుంది. ఎనిమిదైనా బతికితే అక్కడి నీళ్లు మంచివే. లేదంటే అక్కడ పట్టినదేదీ అమ్మకూడదు. పక్కనే శుభ్రమైన ఇసుక సీసా ఒకటుంటుంది. అందులోవి చస్తే తప్పు సముద్రానిది కాదు, పరీక్షది.

ఓడల మరమ్మతు చోట నూనె ఒలికిన ఏడాది, మా నాన్న పెంచే ఆల్చిప్పల తాళ్లు సరిగ్గా ఆ పక్కనే ఉన్నాయి. ఫలితం బాగాలేకపోతే పంటంతా కోసి పారేయాల్సిందే.

పదో రోజున అన్ని సీసాల్లోనూ చావులే. అమ్మకం ఆపే కాగితం మీద సంతకానికి ఆఫీసరు కలం తీశాడు.

"ఆగండి సార్, ఇసుక సీసాలోవీ చచ్చాయి. ఎవరో ఏదో చేశారు," అంది పిన్ని.

ఆ ఎవరో కోసం రెండు రోజులు గొట్టాలు విప్పింది, ఊడ్చే ఆమెని సబ్బు గురించి నిలదీసింది. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. చివరికి ఊడ్చే ఆమే ముక్కు మూసుకుని, "అమ్మా, ఆ ఘాటు మీ చేతుల్దే," అంది.

మణికట్టు నొప్పికి రాసుకునే మందు! రొయ్యల్ని అరచేతి నీళ్లలో లెక్కపెట్టి వదలడం పిన్నికి పాతికేళ్ల అలవాటు, గొప్ప కూడా.

సాయంత్రం మా ఇంటికొచ్చి చెప్పేసింది. "తప్పు నాదే బావా. ఇంకో పది రోజులు ఆగాలి."

"ఆడలేక మద్దెల ఓడంటారు. నువ్వు ఏకంగా సముద్రాన్నే ఓడు చేశావు కదే మరదలా!" నాన్న నవ్వాడు గానీ, కంచం ముందు నుంచి సగంలోనే లేచాడు.

ఈసారి పిన్ని చెంచాతో లెక్కపెట్టింది. నొప్పి పెడుతున్నా మందు ముట్టలేదు. పదో రోజున నాన్న గుమ్మంలో నిలబడ్డాడు. ఇసుక సీసాలో పదీ బతికే ఉన్నాయి. నూనె ఒలికిన చోటి సీసాలో నాలుగే. నాన్న తాళ్ల కింది బురద సీసాలో ఏడు.

"ఒకటి కలిపేస్తే ఎవరడుగుతారే?" అన్నాడు నాన్న, గొంతు తగ్గించి.

"ఇసుక సీసా అడుగుతుంది బావా."

నాన్న సీసాలో మిగిలిన బురదని చెంచా చెంచాగా మళ్లీ వడకట్టింది. ఒకటి కదిలింది. కాసేపటికి ఇంకొకటి. "తొమ్మిది!" అని అరిచింది.

నాన్న నవ్వుతూనే కళ్లు తుడుచుకుని, జేబులోంచి మందు డబ్బా తీశాడు.

"ఏడైనా ఇచ్చేవాణ్ణే. చెయ్యి ఇలా పట్టు."