మామల హార్డ్ డిస్కు పంచిన రోజు

కంప్యూటరు విప్పడం తెలిసినవాడికి మా వైపు డాక్టరుకిచ్చినంత మర్యాద ఇచ్చే రోజులవి. ఆత్మకూరులో మూడు నెలల హార్డ్‌వేర్ కోర్సు చేసి, బస్టాండు దగ్గర ఒక కంప్యూటర్ల షాపులో పనికి కుదిరాను. అప్పటికి నాకొచ్చిన చదువు కన్నా పొగరే ఎక్కువ. (స్క్రూడ్రైవరును పెన్నులాగా చొక్కా జేబుకు పెట్టుకుని బస్సెక్కేవాణ్ణి. తలుచుకుంటే ఇప్పటికీ వాణ్ణి పట్టుకుని నాలుగు తగిలించాలనిపిస్తుంది.) షాపులో నా పనల్లా పాత డిస్కుల్లో ఉన్నవన్నీ చెరిపేసి, కొత్తగా సి, డి అని భాగాలు చేసి, విండోస్ ఎక్కించడం. రోజుకు పది చేసేవాణ్ణి. చూడకుండానే వేళ్లు మీటల మీద పరుగెత్తేవి. దాన్నే నేను విద్య అనుకున్నాను.

ఉదయగిరిలో మా అమ్మ పుట్టింటివాళ్లకు ఫోటో స్టూడియో ఉండేది. తాత పెట్టింది. తాత పోయాక మామలిద్దరూ ఏడాది కలిసి నడిపి, ఆ తర్వాత ఒకరి మొహం ఒకరు చూడటం మానేశారు. పెద్దమనుషులు కూర్చుని ఇల్లు, పొలం, గొర్రెలు, కెమెరాలు అన్నీ పంచారు. పెద్దవాడు భాగాలు వేయాలి, చిన్నవాడు ముందు కోరుకోవాలి, అదీ మా పద్ధతి. అన్నిటికీ పనికొచ్చిన ఆ పద్ధతి స్టూడియో కంప్యూటరు దగ్గర ఆగిపోయింది. ఊళ్లో సగం పెళ్లిళ్లు అందులోనే ఉన్నాయి మరి. పూటకొకరు కూర్చోండి, లోపల మాత్రం ఎవరి భాగం వాళ్లకు వేరు చేయించుకోండి అని తీర్పు చెప్పి నాకు కబురు పెట్టారు.

తాత బతికినన్నాళ్లూ కెమెరా వెనకే ఉన్నాడు. ఆయన కనిపించే వీడియో ఒక్కటే, అదీ ఆ కంప్యూటరులోనే ఉంది. వరికుంటపాడు పెళ్లిలో ఎవరో కెమెరా లాక్కుని తీసిన నాలుగు నిమిషాలు. విస్తరి ముందు కూర్చుని, "నన్నెందుకురా తీసేది, పెళ్లికొడుకును తియ్యి" అని తిడుతూ నవ్వుతుంటాడు. అవ్వ ప్రతి ఆదివారం స్టూడియోకొచ్చి, స్టూలు మీద కూర్చుని, ఆ నాలుగు నిమిషాలూ చూసి వెళ్లేది. నేను వెళ్లిన రోజు కూడా వచ్చింది.

"మీ తాత ఎవురి భాగంలోకి పోతాడు అబ్బయా?" అనడిగింది.

"ఇద్దరికీ పెడతాలే అవ్వా. నేనుండాను గదా!" అన్నాను.

సి డ్రైవు విండోస్‌కు, అది ఉమ్మడి, మిగతాది చెరి సగం అని మామలకు వివరించాను. పెద్దమామకు కోపం వచ్చింది. "ఉమ్మడి అనే మాట ఎత్తబాక. బావి ఉమ్మడిగా పెట్టే గదా ఇంత కాడికి వచ్చింది!" చిన్నమామ వెంటనే, "విండోస్ గూడా ఆయనది ఆయనకు, నాది నాకు పెట్టు" అన్నాడు. (అన్నదమ్ములు ఒకే మాట మీద నిలబడిన ఆఖరి సందర్భం అదే.) అలా చేయాలంటే ముందు అన్నిటికీ కాపీ తీయాలి, అందుకే షాపు నుంచి ఇంకో డిస్కు తెచ్చాను అన్నాను. "ఆ కాపీ యాడ పెడతావు?" అన్నాడు పెద్దమామ. మా ఇంట్లో అన్నాను. "అంటే అంతా మీ అమ్మ చేతికి పోతాది" అన్నాడు చిన్నమామ. అప్పుడే సంచీ సర్దుకుని బస్సెక్కి ఉండాల్సింది. కానీ గుమ్మం దగ్గర పదిమంది నిలబడి నన్నే చూస్తున్నారు. "కాపీ లేకుండానే చేస్తాను మామా" అన్నాను.

సి ఒక్కటే చెరిపి, డి లో ఉన్న పెళ్లిళ్లన్నీ అటూ ఇటూ జరుపుకుంటూ సర్దుదామని నా ఆలోచన. విండోస్ ఎక్కించేటప్పుడు వచ్చే నీలం తెర వచ్చింది. సి చెరిగింది. అక్కడ ఆగాల్సిన వేళ్లు, రోజూ షాపులో చేసినట్టే, డి ని కూడా చెరిపేశాయి.

"అయిందా?" అన్నాడు పెద్దమామ.

"అవతా ఉండాది మామా."

రెండు భాగాలు చేశాను, రెండు విండోస్‌లు ఎక్కించాను. ఇద్దరూ వంగి అంకెలు సరిచూసుకున్నారు. వెంట్రుకవాసి తేడా లేదు. ఖాళీ డ్రైవులు చూస్తే ఎక్కడ పట్టుకుంటారోనని, నేను తెచ్చిన డిస్కులోని సినిమాలన్నీ రెండిట్లోనూ నిండుగా పోశాను. "చూడండి, ఎంత స్పీడుగా ఉండాదో!" అన్నాను కూడా. ఆ పూటకు తప్పించుకున్నాను. మర్నాడు సంగతి బయటపడ్డాక మామలు నన్ను ఒక్క మాట అనలేదు. నీ వల్లంటే నీ వల్లని వాళ్లిద్దరే చొక్కాలు పట్టుకున్నారు.

ఆ తర్వాతి ఆదివారం నేనూ స్టూడియోకు వెళ్లాను. అవ్వ వచ్చి స్టూలు మీద కూర్చుంది. చెప్పక తప్పలేదు.

"ఇద్దరి కాడా లేడా?"

"లేడవ్వా."

"పోనీలే. ఇంక ఆయన కోసరం కొట్టుకోరు" అని లేచి వెళ్లిపోయింది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

చాలాకాలం తర్వాత, షాపుకొచ్చిన ఒక పెద్ద మెకానిక్కు మాటల్లో చెప్పాడు. "చెరిపితే పోయేది పొలం గట్టు మాదిరి హద్దే అబ్బయా, లోపల సరుకు యాడికీ పోదు. దాని మీద ఇంకోటి పోస్తేనే పోయేది." టీ గ్లాసు పక్కన పెట్టి ఆ రోజు చేసినవన్నీ వరసగా లెక్క వేసుకున్నాను. విండోస్‌లు తొక్కింది కొంచెమే. నేను అబద్ధాలాడుతున్నంతసేపూ తాత ఆ డిస్కులోనే ఉన్నాడన్నమాట. పొరపాటు నా వేళ్లది. ఆయన మీద సినిమాలు పోసి కప్పెట్టింది మాత్రం నేనే. అవ్వకు ఆ సంగతి చెప్పే ధైర్యం చాలేసరికి అవ్వ కూడా లేదు.

ఇప్పుడు ఆత్మకూరులో నాకో షాపుంది. పోయిన ఫోటోలు తెచ్చిపెడతామని బోర్డు కూడా ఉంది. ఎవరైనా చెమటలు కారుతూ డిస్కు తెస్తే, ముందు కూర్చోబెట్టి అడిగే మాట ఒకటే. "దీని మీద ఇంకేమన్నా పోసినావా?" "లేదన్నా, భయమేసి ఆపేసినాను" అంటారు కొందరు. వాళ్లను చూస్తే నాకు అసూయగా ఉంటుంది. అయినా నవ్వొస్తుంది. ఎవరి తాతో లోపల ఇంకా ఉన్నాడు.