తలుపు తీసి ద్వారం పెట్టారు

బోర్డులు రాసే పెద్దాయన చదివింది ఆరో తరగతే. కానీ ముప్పై ఏళ్లుగా కుంచె పట్టిన చెయ్యి. అక్షరం ఎక్కడ ఒరిగిందో, ఎక్కడ ఊపిరాడక నలిగిందో దూరం నుంచే చెప్పేయగలడు. గ్రంథాలయం గుమ్మం పక్క గోడ మీద ఒక చిన్న పద్యం రాసే పని ఆయనకు వచ్చింది. పద్యం అల్లింది కౌంటరులో పుస్తకాలిచ్చే అమ్మ.

అలసి వచ్చినావు, అడుగు పెట్టు లోన
పలుకరాని మాట పంక్తులందు కలదు
కలత నిండినట్టి కనులతోడ రమ్ము
తలుపు మూయలేదు, తట్టవలదు నీవు

సుద్దముక్కతో గుర్తులు పెడుతుంటేనే ఆయన కంటపడింది. ప్రతి పాదంలోనూ రెండో అక్షరం ‘ల’ గుణింతమే. నాలుగూ ఒకదాని కింద ఒకటి, తాపీమేస్త్రీ గుండు కట్టిన దారం వదిలినట్టు నిలబడ్డాయి.

“అది ప్రాస అన్నయ్యా,” అంది అమ్మ. “పాదం సగానికొచ్చేసరికి మొదటి అక్షరం మళ్లీ పలకరిస్తుంది చూడండి. అలసి, అడుగు. తలుపు, తట్ట. అది యతి.”

ఆయన కుంచె కాడతో డబ్బా మీద కొట్టి చూసుకున్నాడు. పాదానికి ఆరు దెబ్బలు, ఎక్కడా తప్పలేదు. మొదటి మూడు పాదాలూ హుషారుగా రాశాడు.

చివరి పాదం దగ్గర ఉండగా గ్రంథాలయ అధికారి వచ్చాడు. “తలుపేంటి, ఇంట్లో మాటలా? ద్వారం అని పెట్టు. హుందాగా ఉంటుంది.”

“అయ్యా, అప్పుడు ‘ల’ పోతుంది. ‘త’కి ‘త’ జోడీ పోతుంది. నడకా కుంటుతుంది. ఒక్క మాటకి మూడూ పోతాయండి.”

“అర్థం మారిందా?”

“మారలేదండి.”

“మరింకేం?”

ఆయన కుంచె ఆపి అమ్మ వైపు చూశాడు.

“రాసేయండి అన్నయ్యా. నాకింకా రెండు నెలల సర్వీసుంది,” అందావిడ తల దించుకుని.

అధికారి మీదకన్నా ఆవిడ మీదే ఎక్కువ మండింది. అయినా రాశాడు. ‘ద్వా’ మహా అందంగా కుదిరింది. అదింకో కడుపుమంట.

అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, ఇంటికెళ్లి కూరలో ఉప్పు లేదని భార్య మీద లేచాడు. ఆవిడ నిమ్మళంగా సంగతి రాబట్టింది. రెండు రకాలుగానూ చదివి వినిపించాడు.

“రెండూ ఒకటేగా?” అంది.

ఆయన నెత్తి కొట్టుకున్నాడు. ద్వారం అని దిద్దిన పద్యం కాగితం చేతికిచ్చి, “నువ్వు చదువు. పైకి చదువు,” అన్నాడు.

ఆవిడ చదివింది. మూడు పాదాలు సాఫీగా నడిచాయి. నాలుగో దాని మొదట్లోనే ఆగింది. “ఇక్కడేదో నాలుక్కి అడ్డం పడిందండీ.”

“అదేనే. పొద్దుట్నుంచీ నేను మొత్తుకుంటోంది అదే.”

ఆ పూట అన్నం సహించింది. గోడ మీద మాత్రం ద్వారమే ఉండిపోయింది.